‘ఓరియంటల్’ అన్న మాట రగ్గుకి పనికొస్తుందట, మనిషికి పనికిరాదట. ఏంటీ లెక్క?

మైలాపూర్_మంగ
కడుపు మండి రాస్తున్నా. చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఒక చిన్న ఆఫీసులో కంటెంట్ రాసే ఉద్యోగం నాది. అమెరికాలో ఇంటి అలంకరణ సామాను అమ్మే క్లయింటు ఒకడున్నాడు. రగ్గులు, కూజాలు, కుషన్ కవర్లు, టేబుల్ మీద పరిచే గుడ్డలు. ఫొటోలు ఇక్కడే తీస్తారు, కింద నాలుగు ముక్కలు నేను రాస్తాను. నిన్న రాత్రి ఫైలు తిరిగొచ్చింది. నేను ‘ఓరియంటల్’ అని మూడు చోట్ల రాశాను. రగ్గు దగ్గర అలాగే వదిలేశాడు. కూజా దగ్గర కొట్టేసి ‘ఏ ఊరిది?’ అని అడిగాడు. మోడల్ ఫొటో కింద ఉన్నదానికి మాత్రం ఎర్రగీత, పక్కన ‘ఈ మాట ఇంకెప్పుడూ రాయకండి’ అని కామెంటు. పొద్దున మా లీడు పదిమంది ముందు నిలబెట్టి క్లాసు పీకాడు.

మా తాతయ్య హాల్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నది మద్రాసు యూనివర్సిటీ ఓరియంటల్ టైటిల్, ‘విద్వాన్’. నా స్కూటీ ఇన్సూరెన్సు ఓరియంటల్. నెత్తిమీద తిరిగే ఫ్యాను ఓరియంట్. ఇన్నేళ్లూ ఒక తిట్టు కింద పడుకుని గాలి పోసుకుంటున్నానా?

టీనగర్_బావ
తిరుగుతున్న ఫ్యానుని పేరు అడక్కూడదు. అందులోనూ మే నెలలో, చెన్నైలో.

డల్లాస్_దాసు
మంగ గారూ, క్లయింటు అతి చేశాడని నేను అనుకోను. ఇక్కడ అందరికీ తెలిసిన లెక్కే అది. రగ్గు ఓరియంటల్, మనిషి ఏషియన్. నేను 2004లో తాంబరం నుంచి వచ్చిన కొత్తలో మా టీములో ఉన్న కొరియా ఆవిడ గురించి ఆ మాట వాడాను, ఆవిడ ఎదురుగానే. ఆవిడ ఏమీ అనలేదు. కాఫీ కప్పు తీసుకుని లేచి వెళ్లిపోయింది. మధ్యాహ్నం మేనేజరు పక్కకి పిలిచి ‘కొత్తవాడివి కదా, ఒక్కసారికి చెబుతున్నా’ అన్నాడు. చెవులు కాలిపోయాయి.

ఇక్కడ చైనా, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ ఎక్కడివాళ్లనైనా ఒకప్పుడు ఆ ఒక్క మాటతోనే చుట్టేసేవారు. 1968లో కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీలో యూజీ ఇచియోకా, ఎమ్మా గీ అనే ఇద్దరు విద్యార్థులు సంఘం పెట్టుకుంటూ ‘ఏషియన్ అమెరికన్’ అనే పేరు తయారుచేశారు. మీరు తగిలించిన పేరు మాకొద్దు, మా పేరు మేం పెట్టుకుంటాం అని. అది నిలబడింది. 2002లో వాషింగ్టన్ రాష్ట్రం, 2009లో న్యూయార్క్ రాష్ట్రం ప్రభుత్వ కాగితాల్లో మనుషులకి ఆ మాట వాడొద్దన్నాయి. ఫెడరల్ చట్టాల్లో మాత్రం ఇంకొన్నాళ్లు ఉంది. 1977లో ఇంధన శాఖని ఏర్పాటుచేసిన చట్టంలోనే ఉంది. గ్రేస్ మెంగ్ అనే సభ్యురాలు బిల్లు తెచ్చింది, దిగువ సభలో 376–0తో పాసైంది, 2016 మేలో ఒబామా సంతకం పెట్టాడు. రగ్గుల జోలికి ఎవరూ పోలేదు.

టీనగర్_బావ
376–0! మా అపార్ట్‌మెంట్ మీటింగులో లిఫ్టుకి ఏ రంగు వెయ్యాలో తేలక రెండేళ్లయింది.

ఓఎంఆర్_ఒంటరి
నాకు ఇందులో తప్పేంటో అంతుపట్టదు. తూర్పు అనే కదా అర్థం? మనల్ని ‘సౌత్’ అంటే ఏడుస్తామా? ప్రతిదానికీ నొచ్చుకునే జబ్బు అమెరికాది, మనం దిగుమతి చేసుకుంటున్నాం. చైనావాళ్లే షాంఘైలో 1994లో కట్టుకున్న టీవీ టవర్‌కి ‘ఓరియంటల్ పెర్ల్’ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లకి లేని బాధ డల్లాస్‌లో ఎందుకు?

మా ఆఫీసు ఎదురుగా హోటల్ మెనూలో ‘ఓరియంటల్’ అని ఒక పేజీ ఉంది. గోబీ మంచూరియా, షెజ్వాన్ దోసె. ఆ దోసె తిన్న చైనావాడు కేసు పెట్టాలనుకుంటే పేరు మీద మాత్రం పెట్టడు.

డల్లాస్_దాసు
టవర్‌కి వాళ్లు పెట్టుకున్నారు. నేను ఆవిడకి పెట్టాను. అదే తేడా. మా అమ్మ నన్ను ‘వెధవా’ అంటుంది, మీరు అనండి చూద్దాం.

ఓఎంఆర్_ఒంటరి
అంటే ఊరుకుంటారా అని అడగాలనుంది కానీ మోడరేటర్ చూస్తుంటాడు.

మోడరేటర్
చూస్తున్నాను.

పాతపుస్తకాల_పురుగు
@ఓఎంఆర్_ఒంటరి తూర్పే, ఒప్పుకుంటాను. ఎవరికి తూర్పు?

లాటిన్‌లో ‘ఓరియెన్స్’ అంటే లేచేది, పొద్దు పొడిచే దిక్కు. దానికి ఎదురు ‘ఆక్సిడెన్స్’, పడేది. మన ‘పడమర’లో ‘పడు’ ఉంది చూశారా, అదే ఊహ. రోమ్‌లో నిలబడితే తూర్పు అంటే సిరియా, ఈజిప్టు. ఆ వైపు ప్రాంతాల పాలనకి రోమన్లు ఆ పేరే పెట్టారు కూడా. 1883లో ప్యారిస్ నుంచి మొదలైన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ వెళ్లింది కాన్‌స్టాంటినోపుల్ వైపు, ఇప్పటి ఇస్తాంబుల్. ఆ రైలు లెక్కలో ఓరియంట్ అంటే టర్కీ. ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో సముద్రం ఒడ్డున నిలబడండి. జపాన్, చైనా ఎటున్నాయి? పొద్దు గుంకే వైపు. అయినా అక్కడివాళ్లు వాటినే ఓరియంట్ అన్నారు. యూరప్‌లో పెట్టుకున్న కళ్లద్దాలతోనే ఓడ దిగారన్నమాట. బ్రిటన్‌లో ఇంకో తమాషా. అక్కడ ‘ఏషియన్’ అంటే ముందు మనమూ పాకిస్తాన్ వాళ్లూ గుర్తొస్తాం, చైనా మొహం గుర్తు రాదు.

మన ‘ప్రాచ్య’ సంగతి వేరు. ప్రాక్ అంటే ముందు. ఉదయం సూర్యుడికి ఎదురుగా నిలబడితే ముందున్నది ప్రాచి, వెనకున్నది పశ్చిమం, కుడిచేతి వైపున్నది దక్షిణం. ‘ప్రాచీన’ కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. అందుకే ‘ప్రాచ్య కళాశాల’ అన్న బోర్డు చూస్తే మనకి పాతది, మనది అనిపిస్తుంది. దాని కిందే ఇంగ్లీషులో ఉన్న ‘ఓరియంటల్’ చదివినవాడికి దూరంది, వింతది అని తోస్తుంది. మంగ గారి తాతగారు చదివింది పై లైను, క్లయింటు చదివింది కింది లైను.

అలాగని మన మాట కడిగిన ముత్యమేం కాదు. ‘ప్రాచ్యులు’ అన్నది వాయవ్యాన ఉన్నవాళ్లు మగధ వైపు వాళ్లని అన్న పేరు. గ్రీకులు దాన్నే విని ‘ప్రాసీ’ అని రాసుకున్నారు. మగధలో ఉన్నవాడు తనకి తాను తూర్పు ఎలా అవుతాడు?

అరవూరి_అల్లుడు
పురుగు గారూ, తమిళంలో ఇది ఇంకా బాగుంటుంది. మా మామగారు పాత తాళపత్రాల పిచ్చి ఉన్న మనిషి. ఆయన్ని తీసుకుని కొట్టూర్‌పురం వెళ్లాను, అన్నా శతజయంతి గ్రంథాలయం భవనంలోకి మార్చారు కదా ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీని, అక్కడికి. తమిళంలో దాని పేరు ‘కీళ్‌త్తిసై చువడిగళ్ నూలగం’. నాకు తమిళం అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. ‘కీళ్’ అంటే కింద కదా, ‘కింది దిక్కు తాళపత్రాలా, ఇదేంటి మామయ్యా ఇంత చిన్నచూపు’ అన్నాను. ఆయన మెట్ల మీదే ఆగిపోయి పాఠం చెప్పారు. పడమటి కనుమల దగ్గర నేల ఎత్తు, సముద్రం వైపు పల్లం. అందుకే పడమర ‘మేర్కు’, అంటే పైన. తూర్పు ‘కిళక్కు’, అంటే కింద. నీళ్లు పారే దారి తప్ప అందులో ఇంకేమీ లేదట. మన ‘క్రింద’ ఆ ‘కీళ్’కి చుట్టమే, ‘మేలు’ ఆ ‘మేల్’కి చుట్టమే అని కూడా చెప్పారు. లిఫ్టు మనిషి అప్పటికి రెండుసార్లు పైకీ కిందికీ తిరిగొచ్చాడు.

ఇంకోటి. సంగం కవిత్వంలో మనం ‘వడుగర్’. వడ అంటే ఉత్తరం. తెలుగువాడికి పేరు ఉత్తరాదివాడు. ఆ మాట ఇప్పటికీ ఉంది, ఎవరికీ పెద్ద పట్టింపు లేదు. కానీ ఇవాళ ‘వడక్కన్’ అని అనండి. ఉత్తరాది నుంచి వచ్చి మెట్రో పనిలో కంకర మోసే కుర్రాడు గుర్తొస్తాడు, అనేవాడి పెదవి కాస్త వంకర పోతుంది. దిక్కు అదే.

టీనగర్_బావ
వడపళని సంగతేంటి మరి? మురుగన్ కూడా ఉత్తరాది నుంచి వలస వచ్చాడా?

అరవూరి_అల్లుడు
బావా, మా మామగారి ముందు ఈ జోకు వెయ్యకు. గంటన్నర పడుతుంది.

విశ్రాంత_పండితుడు
మంగమ్మా, మీ తాతగారు విద్వాన్ అన్నావు, సంతోషం. నేను 1974లో భాషాప్రవీణ. ఓరియంటల్ కాలేజీలో చదివి ఓరియంటల్ పండిట్‌గా చేరాను. ఈ మాటకి విదేశంలో ఏ అర్థం ఉందో నాకు తెలియదు గాని, మన దగ్గర స్టాఫ్ రూములో ఏ అర్థం ఉందో ముప్ఫై నాలుగేళ్లు అనుభవించాను. లెక్కల ఆయన ‘సారు’. నేను ‘పంతులు’. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి ‘మీరు బీయేనా, ఓరియంటలా?’ అని అడిగేవాడు. ఆ ‘ఓరియంటలా’లో ఉన్న దీర్ఘం ఇప్పటికీ వినిపిస్తుంది. వ్యాకరణం, అలంకారశాస్త్రం, వసుచరిత్ర చదివి వచ్చినవాడు ఇంగ్లీషు పేపరు రాయలేదు కాబట్టి అరమనిషి.

అయినా ఆ మాట తీసెయ్యాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మైసూరులో 1891లో పెట్టిన ఓరియంటల్ లైబ్రరీలోనే కదా శామశాస్త్రి గారికి కౌటిల్యుడి అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి చేతికొచ్చింది 1905లో. పుణెలో భండార్కర్ వారి సంస్థ, తిరుపతిలో వెంకటేశ్వరుడి పేర ఉన్న సంస్థ, అన్నిటి పేర్లలోనూ ఉంది. దాని కింద కూర్చుని పనిచేసినవాళ్లు ఆ మాటకి పరువు తెచ్చారు.

ఓఎంఆర్_ఒంటరి
మాస్టారి మాటే నాది కూడా.

విశ్రాంత_పండితుడు
నాయనా, నేను మొదటి పేరాలో కూడా కొంత చెప్పాను. అది కూడా చదువు.

పాతపుస్తకాల_పురుగు
మాస్టారూ, మంచి మాట అన్నారు, కానీ ఆ కింద కూర్చున్నవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి అన్నదే నా బాధ. మన మద్రాసు లైబ్రరీకి మూలధనం కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ పోగుచేసిన రాతప్రతులు, లేడెన్ అనే దొరవి, సీపీ బ్రౌన్‌వి. మెకంజీని ‘ఓరియంటలిస్టు’ అంటారు, అంటే తూర్పుదేశాల విద్యలు చదివినవాడని. ఆయన కోసం ఊరూరా తిరిగి శాసనాలు ఎత్తి రాసి, కరణాల దగ్గర కూర్చుని కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన్ని ఎవరూ ఓరియంటలిస్టు అనలేదు, ‘సహాయకుడు’ అన్నారు. ఆ బిరుదు రావాలంటే బయటినుంచి వచ్చి చూడాలి. ఇక్కడ పుట్టినవాడు చూడబడేవాడు.

1978లో విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ ‘ఓరియంటలిజం’ పుస్తకంలో గట్టిగా చెప్పింది సుమారుగా ఇదే. అంతకు ముందు ఆ మాట ఒక విద్య పేరు. తర్వాత ఒక నేరం పేరులా అయిపోయింది. 1873లో ప్యారిస్‌లో మొదలైన ఓరియంటలిస్టుల మహాసభ, నూరేళ్లకి మళ్లీ ప్యారిస్‌లోనే కూర్చుని 1973లో తన పేరు తీసేసుకుంది. అది సయీద్ కంటే ముందే, గమనించండి. కేంబ్రిడ్జ్ 2007లో, ఆక్స్‌ఫర్డ్ 2022లో తమ ఓరియంటల్ విభాగాల పేరు మార్చాయి. షికాగోలో 1919 నుంచి ఉన్న ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ 2023లో మార్చింది. అక్కడ చదివేది ఈజిప్టు, మెసొపొటేమియా. లోపలికొచ్చి చైనా బొమ్మలెక్కడ అని అడిగేవాళ్లుంటే ఏం చెబుతారు పాపం. లండన్‌లో 1916 నాటి ఓరియంటల్ స్టడీస్ స్కూలు మాత్రం 1938లో ‘ఆఫ్రికన్’ కలుపుకుని అదే పేరుతో నడుస్తోంది.

పిట్టలదొర
చర్చ గంభీరంగా ఉంది, నేను నా పిట్టల్ని తోలుకొస్తాను. పళ్లికరణై చిత్తడి నేలలో, వేడంతాంగల్‌లో చూసే వాటిలో కొన్ని ఓరియంటల్‌వే. ఓరియంటల్ డార్టర్ అని ఒకటుంది, నీళ్లలో ఒళ్లంతా ముంచి మెడ ఒక్కటే పాములా పైకి పెట్టి ఈదుతుంది. ఒడ్డుకొచ్చి రెండు రెక్కలూ చాపి బట్టలారేసినట్టు నిలబడుతుంది. మా వీధి చివర వేపచెట్టు మీద పొద్దున్నే ఈల వేసేది ఓరియంటల్ మాగ్‌పై రాబిన్. 1876లో వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త లోకంలో జంతువుల్ని ప్రాంతాలుగా విడదీసినప్పుడు మన వైపు మొత్తానికి ‘ఓరియంటల్ రీజియన్’ అని పెట్టాడు. ఇప్పుడు చాలామంది ‘ఇండోమలయన్’ అంటున్నారు. పిట్టకి ఏ పేరైనా ఒకటే, అది వేసేది అదే ఈల.

ఓఎంఆర్_ఒంటరి
పిట్టలేనా? బొద్దింక కూడా ఉంది, ఓరియంటల్ కాక్‌రోచ్. 1758లో లినేయస్ అనే శాస్త్రవేత్త పెట్టాడు. గూగుల్లో ఇప్పుడే చూశా.

పిట్టలదొర
ఎలక మీద ఉండి ప్లేగు తెచ్చే పురుగు కూడా అంతే, ఓరియంటల్ ర్యాట్ ఫ్లీ. ముత్యం మీద నిగనిగకి ‘ఓరియంట్’ అని పేరు, ప్లేగు పురుగుకీ అదే పేరు. తూర్పు నుంచి వచ్చిందంటే వాళ్లకి నగో రోగమో అయ్యుండాలి.

టీనగర్_బావ
‘నగో రోగమో’ నేను వాడుకుంటా. పెళ్లిచూపుల్లో పనికొస్తుంది.

వేలచేరి_వాణి
నాలుగు పేజీలు చదివాను. లాటిన్, సంస్కృతం, బొద్దింక అన్నీ వచ్చాయి. ఒక్కరు కూడా మంగ గారిని అడగలేదు. మోడల్ ఫొటో కింద అసలు ఏం రాశారండీ? ఆ అమ్మాయి ఎవరు?

నాకు వేలచేరిలో పార్లర్ ఉంది. ఆరుగురు అమ్మాయిల్లో నలుగురు మిజోరం, మణిపూర్ వాళ్లు. ‘ఆ చైనా పాపని పంపించండి, ఆ అమ్మాయి చెయ్యి మెత్తన’ అని అడుగుతారు, మంచి చదువుకున్న ఆంటీలే. 2020లో లాక్‌డౌన్ తీశాక మార్కెట్లో కూరగాయలు కొనడానికి వెళ్తే ‘కరోనా’ అని అరిచారట, ఏడుస్తూ వచ్చింది ఒక పిల్ల. మరీ పాలిష్‌గా మాట్లాడేవాళ్లు ‘ఓరియంటల్ ఫీచర్స్’ అంటారు. ఆ పిల్లలకి ఇంగ్లీషు మనకంటే బాగా వచ్చు, అర్థమవుతుంది.

మైలాపూర్_మంగ
వాణి గారూ, సరే, చెబుతాను. ఈసీఆర్‌లో, సముద్రం పక్క రోడ్డు మీద, ఒక ఇల్లు అద్దెకి తీసుకుని ఫొటోలు తీశాం. నలుగురు మోడల్స్. కూజా పట్టుకున్న అమ్మాయిది మిజోరం. ఆ ఫొటో కింద ‘ఓరియంటల్ కూజా, దానికి తగ్గ ఓరియంటల్ సుందరి’ అని రాశాను. ప్రాస కుదిరిందని మురిసిపోయాను కూడా. తిట్టాలని కాదండీ, అందంగా ఉందనే.

వేలచేరి_వాణి
కూజాకి తగ్గ అమ్మాయి!

మైలాపూర్_మంగ
ఇప్పుడు చదువుకుంటే నాకే ఎలాగో ఉంది.

డల్లాస్_దాసు
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే నేను అంత చరిత్ర టైపు చేసేవాణ్ణి కాదు.

ఓఎంఆర్_ఒంటరి
చేసేవారు.

కడప_కుర్రాడు
మనం బాధితుల లిస్టులో లేమా? ఇంజనీరింగ్‌కి చెన్నై వచ్చిన మొదటి వారమే హాస్టల్లో నేను ‘గొల్టి’, తెలుగువాళ్లని ఇక్కడ వెక్కిరించే పేరు. మెస్‌లో గోంగూర పచ్చడి సీసా తెరిస్తే ‘గొల్టి బాంబు’. రెండో ఏడాదికి మేమే మా క్రికెట్ టీముకి గొల్టీస్ అని పేరు పెట్టుకుని టీషర్టులు కొట్టించుకున్నాం. మూడో ఏడాది ఒక లెక్చరర్ క్లాసులో నవ్వుతూ ‘గొల్టి బెంచీ’ అంటే మాత్రం ఒళ్లు మండింది. టీషర్టు అప్పుడు ఒంటి మీదే ఉంది.

ఢిల్లీ వెళ్తే ఇంకో పేరు, ‘మద్రాసీ’. మా నాన్న 1980ల్లో అక్కడ ఉద్యోగం చేసినప్పుడు ‘నేను మద్రాసీ కాదు, ఆంధ్రా’ అని చెప్పి చెప్పి చివరికి ఊరుకున్నాడట. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది ఈ మద్రాసులోనే కదా, 1952లో. అది వాళ్లకి చెప్పేదెవరు?

పాతపుస్తకాల_పురుగు
కుర్రాడా, గొల్టి కంటే పాతది ఒకటి చెప్పనా? 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ అనే దొర తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. దాని పేరులోనే ఉంది, ‘తెలుగు భాష, మామూలుగా జెంటూ అని పిలిచేది’ అని. ఆ ‘జెంటూ’ పోర్చుగీసు ‘జెంటియో’ నుంచి వచ్చింది. అర్థం అన్యమతస్థుడు, మన వాడుకలో చెప్పాలంటే దేవుణ్ణెరగనివాడు. త్యాగరాజు తిరువయ్యారులో బతికుండగా ఆయన పాడే భాషకి ఇంగ్లీషువాళ్ల దగ్గర ఉన్న పేరు అది. ఎవరూ ధర్నా చెయ్యలేదు, చట్టం తేలేదు, బ్రౌన్ నిఘంటువు నాటికి ‘తెలుగు’ గట్టిపడింది, అది రాలిపోయింది.

కడప_కుర్రాడు
జెంటూ అంటే నాకు తెలిసింది కంప్యూటర్‌లో వేసుకునే జెంటూ లైనక్స్ ఒక్కటే. ఒక రకం పెంగ్విన్ పేరు కదా అది!

టీనగర్_బావ
ఇకనుంచి నేను పెంగ్విన్ భాషలో మాట్లాడుతున్నానని చెప్పుకుంటా.

అరవూరి_అల్లుడు
బాధితుల లిస్టు అంటున్నారు కాబట్టి ఒక మాట. నా హ్యాండిల్ చూడండి. ఇరవై ఏళ్ల క్రితం సరదాగా పెట్టుకున్నాను. మన ఇళ్లలో ‘అరవం’, ‘అరవోళ్లు’ అనేది నీళ్లు తాగినంత మామూలు. నా పెళ్లిలో మా అమ్మ తన వియ్యపురాలి ముందే ‘మీ అరవ సాంబారు’ అంది. ఆవిడ నవ్వింది. తర్వాత నా భార్య గదిలోకి పిలిచి ‘మీ అమ్మకి తమిళ్ అనే మాట నోరు తిరగదా?’ అని అడిగింది. మా అమ్మకి అది తిట్టని ఈనాటికీ తెలియదు. ఆవిడ దృష్టిలో అది భాష పేరు, అంతే. మంగ గారిలాగే.

విశ్రాంత_పండితుడు
‘అరవము’ పాత వాడుకే. నిఘంటువుల్లో ఉంది.

అరవూరి_అల్లుడు
ఉంది మాస్టారూ. నిఘంటువుని మా ఆవిడకి చూపించే ధైర్యమే లేదు.

ఓఎంఆర్_ఒంటరి
నా పాయింటు ఇంకా అక్కడే ఉంది. ఇవాళ ఓరియంటల్ తప్పు, ఏషియన్ ఒప్పు. ఇంకో యాభై ఏళ్లకి ఏషియన్ తప్పవుతుంది. ఎన్నిసార్లు మారుస్తూ కూర్చుంటాం?

డల్లాస్_దాసు
మీరు అన్నది ఒకసారి జరిగింది కూడా. ‘ఏషియాటిక్’ సంగతి చూడండి. 1917లో అమెరికా వలస చట్టం ఒక గీత గీసి ఆ లోపలివాళ్లు వలస రాకూడదంది, ఏషియాటిక్ బార్డ్ జోన్ అని పేరొచ్చింది దానికి. ఇండియా ఆ గీత లోపలే ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారుడి కేసులో మనవాళ్లు తెల్లవాళ్ల కింద రారు, పౌరసత్వం కుదరదు అని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ చరిత్ర అంటుకున్నాక మనుషులకి ఆ మాట పోయి ‘ఏషియన్’ వచ్చింది. కలకత్తాలో 1784 నాటి ఏషియాటిక్ సొసైటీకి, గిర్‌లో సింహానికి మాత్రం మిగిలింది. కాబట్టి మారుతుంది, నిజమే. బట్టలు కూడా ఎన్నిసార్లు ఉతుకుతామని మానెయ్యం కదా.

ఓఎంఆర్_ఒంటరి
ఈ ఒక్క పోస్టుకి ఒక లైకు ఇస్తున్నా. ఒక్కదానికే.

మైలాపూర్_మంగ
రెండు రోజుల తర్వాత వస్తున్నాను. ఆ అమ్మాయి నంబరు ఫొటోగ్రాఫర్ దగ్గర తీసుకుని ఫోన్ చేశాను. క్షమించమని అడిగాను, ఎలా అడగాలో తెలియక విషయం మొత్తం చెప్పేశాను. ఆ అమ్మాయి విని, కోపంగా కాదు, మామూలుగానే ఒకటి అడిగింది. ‘మిగతా ముగ్గురి ఫొటోల కింద వాళ్ల గురించి ఏం రాశారు?’ అని.

ఫైలు తెరిచి చూశాను. ఏమీ రాయలేదు. ఒకరు మధురై, ఒకరు కొచ్చి, ఒకరు మన నెల్లూరు. వాళ్ల చేతుల్లో ఉన్న వస్తువుల గురించే రాశాను, రంగు, కొలత, ఉతికే పద్ధతి. మనిషి గురించి రాసింది ఈ ఒక్కచోటే. ‘అయితే నాకూ ఏమీ రాయకండి, లేదూ రాయాల్సిందే అంటే ఐజ్వాల్ అని రాయండి, స్పెల్లింగ్ సరిగ్గా’ అంది.

వేలచేరి_వాణి
సరిగ్గా అడిగింది పిల్ల.

మైలాపూర్_మంగ
కూజా సంగతి కూడా తేలింది. క్లయింటు ‘ఏ ఊరిది’ అన్నాడు కదా, గోడౌన్‌కి ఫోన్ చేస్తే జైపూర్ బ్లూ పాటరీ అట. నీలం పువ్వులు చూసి నేను చైనా అనుకున్నాను. ఆ అమ్మాయినీ ఆ కూజానీ కలిపి తూర్పుకి తోసేశానన్నమాట, కూజాదేమో రాజస్థాన్.

పాతపుస్తకాల_పురుగు
మరి రగ్గు? వాడు వదిలేసిన ఓరియంటల్ రగ్గు?

మైలాపూర్_మంగ
శాంపిల్ మా ఆఫీసులోనే ఉంది, ఇప్పుడే వెళ్లి తిరగేశాను. వెనక మూల గుడ్డ చీటీ కుట్టి ఉంది. ఏలూరు.

పాతపుస్తకాల_పురుగు
కావలివారి ఊరు! పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లతో అక్కడ తివాచీలు మొదలయ్యాయంటారు.

కడప_కుర్రాడు
అంటే లిస్టులో నిజమైన ఓరియంటల్ సరుకు గొల్టి సరుకే.

మైలాపూర్_మంగ
‘ఏలూరు ఉన్ని తివాచీ’ అని మార్చి పంపాను. క్లయింటు వెంటనే జవాబిచ్చాడు, ‘ఏలూరు అంటే కస్టమర్లకి తెలియదు, ఓరియంటల్ అనే ఉంచండి’ అని.

టీనగర్_బావ
ఫ్యాను వేసుకుని పడుకోండి మంగ గారూ.